ఒకరు చేసిన ఫైలు ఇంకొకరికి సేవ్ కాకపోతే 777 మందు కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చెన్నై టి.నగర్‌లో ఆడిట్ ఆఫీసు, పద్నాలుగు మంది సిబ్బంది. ఒక ఉబుంటు కంప్యూటర్‌లో సాంబా (విండోస్ కంప్యూటర్లకు ఫోల్డర్లు పంచే ప్రోగ్రాము) పెట్టి, మీ హోమ్ ఫోల్డర్ లోపలే ఒక ఫోల్డర్ చేసి అందరికీ పంచారు. ఒకరు చేసిన ఎక్సెల్ ఫైలును మరొకరు తెరిస్తే చదవడానికి వస్తోంది గాని సేవ్ కావడం లేదు. ఎవరో చెప్పగా మొత్తానికి 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చారు. రెండు రోజులు బాగానే నడిచింది, మూడో రోజు నుంచి మళ్లీ అదే గొడవ. ఈలోగా ఒక క్లయింటు ఫోల్డర్ మొత్తం మాయమైంది, ఎవరు తుడిచేశారో తెలియదు. ఇవి కాక ఇంకో రెండు కోరికలు: భాగస్వాముల ఫైళ్లు మిగతావారి కంటపడకూడదు, ట్యాక్స్ విభాగం వాళ్లు ఆడిట్ ఫైళ్లను చదవాలి గాని మార్చకూడదు.

ముందు సమాధానం చెప్పేస్తాను. అనుమతులు మనుషులకు కాదు, గ్రూపులకు ఇవ్వండి. ఫోల్డర్ మీద సెట్‌జీఐడీ (కొత్త ఫైళ్లు ఫోల్డర్ గ్రూపుకే చెందేలా చేసే గుర్తు) పెట్టండి. కొత్త ఫైళ్లు ఏ అనుమతులతో పుట్టాలో సాంబాలో రాయండి. విభాగానికొక షేర్ (నెట్‌వర్క్‌లో పంచే ఫోల్డర్) చేయండి. 777 తీసేయండి. అంతా కలిపి ఒక సాయంత్రం పని. మాయమైన ఫోల్డర్ సంగతి మాత్రం వేరు. అది అనుమతులతో నయమయ్యే జబ్బు కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

(కమాండ్ల పేర్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలని మీకు చెప్పనక్కర్లేదు.)

777 రెండు రోజులే ఎందుకు పనిచేసిందో తెలిస్తే మిగతాదంతా సులువు. మీరు సీహెచ్‌మాడ్ (అనుమతులు మార్చే కమాండ్) కొట్టినప్పుడు ఆ క్షణానికి ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లకే అనుమతులు మారాయి. మర్నాడు పుట్టిన ఫైలుకు ఆ సంగతి తెలియదు. అంతకంటే చిత్రం ఎక్సెల్ చేసే పని. మీరు సేవ్ నొక్కినప్పుడు అది పాత ఫైలులోనే రాయదు. అదే ఫోల్డర్‌లో ఒక తాత్కాలిక ఫైలు సృష్టించి, అందులో అంతా రాసి, పాతదాన్ని తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. అంటే నిన్న మీరు బాగుచేసిన ఫైలు ఇవాళ లేదు, ఉన్నది అదే పేరుతో తిరుగుతున్న కొత్త ఫైలు. దాని అనుమతులు కొత్తగా తేలాలి. ఆ తేల్చేది ఎవరు? సాంబాలో మీరు ఏమీ రాయకపోతే, క్రియేట్ మాస్క్ అనే అమరిక విలువ 0744. యజమానికి అన్ని హక్కులూ, మిగతా అందరికీ చదివే హక్కు ఒక్కటే. మీ ఆఫీసులో జరుగుతున్నది అక్షరాలా ఇదే. కాబట్టి ఉన్న ఫైళ్లను బాగుచేయడం కాదు, పుట్టబోయే ఫైళ్లకు నియమం పెట్టడం మీ పని.

ఇక చేయవలసినవి.

ఫోల్డర్‌ను ముందు మీ హోమ్‌లోంచి బయటికి తీయండి. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే యూజర్ల హోమ్ ఫోల్డర్లు 750తో పుడుతున్నాయి, అంటే బయటివాళ్లకు గడప దాటే హక్కు కూడా లేదు. లోపలి ఫోల్డర్‌కు మీరు ఎన్ని హక్కులు ఇచ్చినా, పైనున్న తలుపు మూసి ఉంటే ఎవరూ లోపలికి రాలేరు. మీది పాత యూజర్ కాబట్టి ఇన్నాళ్లూ నడిచి ఉంటుంది. ఎస్‌ఆర్‌వీ అనే డైరెక్టరీ ఉన్నదే ఇలాంటి వాటి కోసం. దాని కింద ఆడిట్, ట్యాక్స్, పార్ట్‌నర్స్ అని మూడు ఫోల్డర్లు చేయండి.

గ్రూప్‌యాడ్‌తో అవే పేర్లతో మూడు గ్రూపులు చేయండి. ఒక్కొక్కరినీ తగిన గ్రూపులో చేర్చండి. దీనికి యూజర్‌మాడ్ కమాండ్‌లో చిన్న ఏ, పెద్ద జీ రెండూ కలిపి వాడాలి. చిన్న ఏ మరిచిపోతే ఆ యూజర్ అంతకుముందు ఉన్న అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. చాలా ఏళ్ల కిందట షావుకారుపేటలో ఒక వ్యాపారి గోదాములో కూర్చుని నన్ను నేనే కొత్త గ్రూపులో చేర్చుకుంటూ ఆ ఒక్క అక్షరం వదిలేశాను. సుడో గ్రూపులోంచి, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్నవాళ్ల జాబితాలోంచి, నా పేరు పోయింది. సర్వర్ నాదే, పాస్‌వర్డ్ నాదే, అధికారం మాత్రం లేదు. రికవరీ మోడ్‌లో బూట్ చేసి సరిచేసుకునే దాకా యజమాని టీ మీద టీ తెప్పించాడు. ఒక్క మాట అడగలేదు గాని, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

మనిషికి కాక గ్రూపుకే ఎందుకంటే, ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే పిల్లలు రెండు మూడేళ్లకు మారిపోతూనే ఉంటారు. ఒకరు వెళ్లినప్పుడల్లా వంద ఫోల్డర్లలో పేరు తీయడం ఎవరి వల్లా కాదు. గ్రూపులోంచి ఒక్కసారి తీసేస్తే అయిపోతుంది.

తర్వాత ఫోల్డర్లను గ్రూపులకు అప్పగించాలి. సీహెచ్‌జీఆర్‌పీతో ఆడిట్ ఫోల్డర్‌ను ఆడిట్ గ్రూపుకు ఇచ్చి, సీహెచ్‌మాడ్ 2770 పెట్టండి. చివరి మూడు అంకెలు మీకు తెలిసినవే: యజమానికి 7, గ్రూపుకు 7, బయటివాళ్లకు సున్నా. ముందున్న 2 అసలు సరుకు. దాని పేరే సెట్‌జీఐడీ. అది ఉన్న ఫోల్డర్‌లో ఎవరు ఫైలు చేసినా ఆ ఫైలు చేసినవాడి సొంత గ్రూపుకు కాక ఫోల్డర్ గ్రూపుకు చెందుతుంది. లోపల ఎవరైనా కొత్త ఫోల్డర్ చేస్తే ఆ 2 దానికీ వారసత్వంగా వస్తుంది.

పాత ఫైళ్లను సరిచేసేటప్పుడు తొందరపడి 2770ను మొత్తం ఫోల్డర్ల చెట్టు మీద ఒకేసారి కొట్టకండి. అలా చేస్తే ఎక్సెల్ షీట్లు, పీడీఎఫ్‌లు అన్నీ నడపదగిన ప్రోగ్రాముల్లా తయారవుతాయి. ఫైండ్ కమాండ్‌తో డైరెక్టరీలను వేరుగా పట్టి 2770, ఫైళ్లను వేరుగా పట్టి 660 (యజమానికీ గ్రూపుకూ చదవడం, రాయడం మాత్రమే) ఇవ్వండి.

ఇప్పుడు సాంబా. దాని కాన్ఫిగ్ ఫైలులో ఆడిట్ షేర్ కింద ఈ వరుసలు చాలు (@ అంటే గ్రూపు):

వ్యాలిడ్ యూజర్స్ = @ఆడిట్ @ట్యాక్స్
రీడ్ ఓన్లీ = నో
రీడ్ లిస్ట్ = @ట్యాక్స్
ఫోర్స్ గ్రూప్ = ఆడిట్
క్రియేట్ మాస్క్ = 0660
ఫోర్స్ క్రియేట్ మోడ్ = 0660
డైరెక్టరీ మాస్క్ = 2770
ఫోర్స్ డైరెక్టరీ మోడ్ = 2770

మాస్క్ అంటే జల్లెడ. అందులో లేని హక్కు కిందికి దిగదు. ఫోర్స్ అన్నది బలవంతం, అడిగినా అడగకపోయినా ఆ హక్కు అంటుకుంటుంది. రెండూ రాస్తే ఫైలు ఎవరి కంప్యూటర్‌లోంచి వచ్చినా 660తోనే పుడుతుంది.

మీ ట్యాక్స్ విభాగం కోరిక ఫోర్స్ గ్రూప్, రీడ్ లిస్ట్ జంటతో తీరుతుంది. ఈ షేర్‌లోకి వచ్చిన ప్రతి ఒక్కరినీ సాంబా ఆడిట్ గ్రూపు మనిషిగానే చూస్తుంది కాబట్టి ట్యాక్స్ వాళ్లకు ఫైళ్లు తెరుచుకుంటాయి. రీడ్ లిస్ట్‌లో ఉన్నందువల్ల రాయడానికి మాత్రం ఒప్పుకోదు. అయితే ఒక మెలిక ఉంది: ఈ కాపలా సాంబా దగ్గరిదే. ట్యాక్స్ మనిషికి ఆ సర్వర్‌లోకి నేరుగా లాగిన్ ఇస్తే ఈ లెక్క చెల్లదు, అక్కడ లైనక్స్ అనుమతులదే మాట. అందుకే నేను ఆఫీసు సిబ్బందికి షెల్ (సర్వర్‌లో కమాండ్లు కొట్టే వీలు) ఇవ్వను, యూజర్ ఖాతా చేసేటప్పుడే నోలాగిన్ పెడతాను. ఒకే ఫోల్డర్ మీద నాలుగైదు గ్రూపులకు నాలుగైదు రకాల హక్కులు కావాలంటే అప్పుడు సెట్‌ఎఫ్‌ఏసీఎల్ (ఒక్కో గ్రూపుకూ విడిగా హక్కులు రాసే కమాండ్) జోలికి వెళ్లాలి. మీకు ఆ అవసరం కనిపించడం లేదు. లేనప్పుడు వెళ్లకండి, ఆరు నెలల తర్వాత ఎవరికి ఏమి ఇచ్చారో మీకే గుర్తుండదు.

ఫోర్స్ గ్రూప్ ఉండగా సెట్‌జీఐడీ దేనికని అడగవచ్చు. రాత్రిపూట మీరే సర్వర్‌లో కూర్చుని ఏదో ఫైలు కాపీ చేస్తారు, లేదా ఒక స్క్రిప్టు రిపోర్టులు తెచ్చి పడేస్తుంది. అవి సాంబా గుమ్మంలోంచి రావు, వాటి కోసమే. కాపీ కాకుండా ఎంవీ కమాండ్‌తో జరిపితే మాత్రం అదే డిస్కులో ఫైలు తన పాత గ్రూపుతో, పాత అనుమతులతోనే వచ్చి కూర్చుంటుంది. సెట్‌జీఐడీ ఏమీ చేయలేదు. "అన్నీ సరిగ్గా పెట్టాను, ఒక్క ఫైలు మాత్రం తెరుచుకోదు" అని నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం చివరికి ఇక్కడే తేలుతాయి.

విభాగానికొక షేర్ అని ఎందుకు పట్టుబడుతున్నానో కూడా ఇందులోనే ఉంది. ఒకే పెద్ద షేర్ చేసి లోపల మూడు ఫోల్డర్లు పెడితే, ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌కు ఫైలు లాగినప్పుడు జరిగేది పేరు మార్పిడి మాత్రమే, పాత హక్కులు వెంట వస్తాయి. వేర్వేరు షేర్లయితే విండోస్ ఆ ఫైలును కాపీ చేసి, పాతదాన్ని తీసేస్తుంది. కాపీ కొత్తగా పుడుతుంది కాబట్టి కొత్త ఇంటి నియమాలు దానికి వర్తిస్తాయి.

భాగస్వాముల షేర్‌కు వ్యాలిడ్ యూజర్స్‌లో ఆ గ్రూపు ఒక్కటే రాయండి. ఫోర్స్ గ్రూప్, మాస్కులు అదే తీరు. యాక్సెస్ బేస్డ్ షేర్ ఎన్యూమ్ అనే అమరికకు ఎస్ (అవును) ఇస్తే హక్కులేని వాళ్లకు జాబితాలో ఆ షేర్ పేరు కూడా కనిపించదు. తలుపుకు తాళం ఉండగా ఇది అవసరమా అంటే, చెన్నైలో ఒక ఆఫీసులో "జీతాలు" అనే ఫోల్డర్ తెరుచుకోకపోయినా, దాని పేరు కనిపించినందుకే నెలంతా గుసగుసలు నడిచాయి.

ప్రతి మనిషికీ సొంత ఖాతా ఉండాలి. సాంబా పాస్‌వర్డ్ లైనక్స్ పాస్‌వర్డ్‌కు వేరు, ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ కమాండ్‌తో విడిగా చేర్చాలి. "ఆఫీస్" అని ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పద్నాలుగు మందికీ ఇస్తే సులువే. కానీ ఎవరు తుడిచేశారన్న మీ ప్రశ్నకు అప్పుడు బ్రహ్మదేవుడు కూడా జవాబు చెప్పలేడు. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడన్న సామెత ఇలాంటి ఖాతాల గురించే పుట్టిందేమో అనిపిస్తుంది. సొంత ఖాతాలుంటే ఫుల్ ఆడిట్ అనే సాంబా మాడ్యూల్‌తో ఎవరు ఏ ఫైలు తీసేశారో లాగ్‌లో రాయించవచ్చు.

ఇక్కడ మీకు తప్పకుండా ఎదురయ్యే చికాకు ఒకటి. ఒకే విండోస్ కంప్యూటర్‌లోంచి ఒకే సర్వర్‌కు రెండు వేర్వేరు పేర్లతో వెళ్లనివ్వదు, 1219 అనే తప్పు చూపిస్తుంది. పాత ఖాతాతో కలిపిన డ్రైవు ఇంకా తెరిచే ఉంటుంది. నెట్ యూజ్ కమాండ్‌తో పాత కనెక్షన్లు తీసేసి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాస్‌వర్డ్ కూడా తొలగించి మళ్లీ కలపండి. అలాగే ఎవరినైనా కొత్త గ్రూపులో చేర్చాక వాళ్లు లాగాఫ్ అయి మళ్లీ రావాలి. అంతవరకు సర్వర్ వాళ్లను పాత గ్రూపులతోనే గుర్తుపడుతుంది. దీనికోసం నేను మొదట్లో గంటలు తగలేసుకున్నాను.

ఇప్పుడు మాయమైన ఫోల్డర్ విషయం. లైనక్స్‌లో ఫైలును తుడిచే హక్కు ఫైలు మీద ఉండదు, అది ఉన్న ఫోల్డర్ మీద ఉంటుంది. ఫోల్డర్‌లో రాయగలిగినవాడు అందులోని దేన్నయినా తీసేయగలడు. "రాయనివ్వు, తుడవనివ్వకు" అని అందరూ అడుగుతారు. దానికి స్టిక్కీ బిట్ ఉంది కదా, 2770 బదులు 3770 పెడితే ఎవరి ఫైలు వాళ్లే తీయగలరు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. చెప్పింది నిజమే. కానీ ఎక్సెల్ సేవ్ చేసే తీరు గుర్తుచేసుకోండి. పాత ఫైలును తీసి కొత్తదానికి ఆ పేరు పెట్టాలి. పాతది ఇంకొకరిదైతే తీయనివ్వదు, సేవ్ విఫలమవుతుంది. మీరు మొదట పడిన గొడవకే మళ్లీ వస్తారు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు మాత్రమే పడేసే ఫోల్డర్‌కు స్టిక్కీ బిట్ బాగుంటుంది. పదిమంది కలిసి దిద్దే ఫోల్డర్‌కు పనికిరాదు.

కాబట్టి తుడవడాన్ని ఆపలేం, తుడిచింది వెనక్కి తెచ్చుకునే దారి పెట్టుకోవాలి. నెట్‌వర్క్ డ్రైవులో తీసేసిన ఫైలు విండోస్ రీసైకిల్ బిన్‌కు వెళ్లదు. చాలామందికి ఇది నెత్తి మీద పడ్డాకే తెలుస్తుంది. సాంబాలో రీసైకిల్ అనే మాడ్యూల్ ఉంది, దాన్ని ప్రతి షేర్‌కూ పెట్టండి. తీసేసిన ఫైళ్లు ఒక దాగిన ఫోల్డర్‌లోకి చేరతాయి. కీప్‌ట్రీ (ఫోల్డర్ల అమరికను అలాగే ఉంచేది), వెర్షన్స్ (ఒకే పేరున్న ఫైళ్లను విడివిడిగా ఉంచేది) రెండింటికీ ఎస్ ఇవ్వండి. ఎక్సెల్ తాత్కాలిక ఫైళ్లను మినహాయించండి, లేకపోతే చెత్తబుట్ట నిండా చెత్తే ఉంటుంది.

బుట్టను ముప్పై రోజులకోసారి ఖాళీ చేయడానికి అందరూ ఫైండ్‌తో ఒక క్రాన్ (వేళకు తనంతట తానే నడిచే పని) రాస్తారు. నేనూ రాశాను, ఎంటైమ్ ప్లస్ 30 (చివరిసారి మారి ముప్పై రోజులు దాటినవి) అని. ఒకాయన రెండేళ్ల నాటి ఫైలును పొరపాటున తీసేసి మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఏమీ ఫర్వాలేదండీ, ముప్పై రోజులు భద్రంగా ఉంటుంది" అని ధీమాగా చెప్పి చూద్దును కదా, బుట్టలో లేదు. ఫైలు చివరిసారి మారింది రెండేళ్ల కిందట, బుట్టలో పడ్డంత మాత్రాన ఆ తేదీ మారదు. నా క్రాన్ లెక్కలో అది రెండేళ్ల పాత చెత్త, ఆ రాత్రే ఊడ్చేసింది. రీసైకిల్ మాడ్యూల్‌లో టచ్ ఎంటైమ్ అనే అమరికకు ఎస్ ఇస్తే బుట్టలో పడిన రోజే దాని తేదీ అవుతుంది. ఉత్త టచ్ సరిపోదు, అది చివరిసారి తెరిచిన తేదీనే మారుస్తుంది.

ఈ బుట్టను బ్యాకప్ అనుకోకండి. డిస్కు పోతే బుట్టా పోతుంది. 2015 డిసెంబరు వరదల్లో అడయారు నది పక్కన నేను చూసుకునే ఒక ఆఫీసులో సర్వరూ, దాని బ్యాకప్ డిస్కూ కింది అంతస్తులో ఒకే అరలో ఉండేవి. నీళ్లు దిగాక రెండూ ఒకే రంగులో, ఒకే బురదతో బయటికి వచ్చాయి. ఆ క్లయింట్ల ఫైళ్లలో కొన్ని ఈమెయిళ్లలోంచి ఏరుకున్నాం, మిగతావి పోయాయి. రిచీ స్ట్రీట్‌లో రెండు డిస్కులు కొని వారం మార్చి వారం ఇంటికి తీసుకెళ్లమని భాగస్వాములలో ఒకరికి చెప్పండి. మేడ మీద పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు, దొంగలకు మెట్లు ఎక్కడం వచ్చు.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక. ఆఫీసులో పాత జిరాక్స్ యంత్రం ఉండి, స్కాన్‌లను నేరుగా షేర్‌లోకి పంపుతుంటే, అది ఫైళ్లు పంచుకునే పాత ఎస్‌ఎంబీ 1 పద్ధతి తప్ప ఎరగకపోవచ్చు. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి ఆ పద్ధతి మామూలుగా ఆపేసి ఉంటుంది. స్కానర్ పనిచేయడం లేదని సర్వర్ మొత్తానికి దాన్ని మళ్లీ తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టబెట్టింది విండోస్‌లోని ఆ ఎస్‌ఎంబీ 1 లోపంలోంచే. సాంబాది వేరే ప్రోగ్రామే అయినా, అంత పాత పద్ధతిని ఒక స్కానర్ కోసం మోయనక్కర్లేదు. స్కాన్‌లు ఈమెయిలుకు పంపించుకోండి, లేదా యంత్రం మార్చండి.

సర్వర్ విండోస్‌ది అయి ఉంటే కమాండ్లు మారతాయి గాని పద్ధతి ఇదే. అక్కడ షేర్ అనుమతి, ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్కులోని ఫైళ్ల మీది) అనుమతి అని రెండు గుమ్మాలు ఉంటాయి, రెండింటిలో బిగువైనదే చెల్లుతుంది. నేను షేర్ దగ్గర ధారాళంగా వదిలేసి, బిగింపు అంతా ఎన్‌టీఎఫ్‌ఎస్ దగ్గర పెడతాను. మామూలు విండోస్ 10 లేదా 11 కంప్యూటర్‌నే సర్వర్‌గా వాడేవాళ్లు ఒకేసారి ఇరవై కనెక్షన్లకు మించి రావని గుర్తుంచుకోవాలి. పద్నాలుగు మందికి చాలుతుందనుకుంటారు, తర్వాత స్కానర్లు, మేనేజర్ల రెండో ల్యాప్‌టాప్‌లు వచ్చి చేరతాయి.

ఈ మార్పు సెప్టెంబరులో పెట్టుకోకండి. ట్యాక్స్ ఆడిట్ గడువు నెలాఖరుకు ఉంటుంది, ఆ రోజుల్లో ఒక్క గంట ఫైళ్లు తెరుచుకోకపోయినా మిమ్మల్ని ఎవరూ క్షమించరు. ఏదైనా శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక మొదలుపెట్టండి. ముందు పూర్తి బ్యాకప్, తర్వాత ఫోల్డర్ల తరలింపు, గ్రూపులు, అనుమతులు, ఆఖరున సాంబా. కాన్ఫిగ్ ఫైలు మార్చిన ప్రతిసారీ టెస్ట్‌పార్మ్ (అందులోని తప్పులు చూపే కమాండ్) నడిపి చూసి అప్పుడే సర్వీసు మళ్లీ మొదలుపెట్టండి.

పరీక్ష మీ సొంత ఖాతాతో చేయకండి, మీకు అన్నీ తెరుచుకుంటాయి. ఆడిట్‌లో ఇద్దరి ఖాతాలు, ట్యాక్స్‌లో ఒకరిది తీసుకుని వేర్వేరు కంప్యూటర్లలో కూర్చోండి. మొదటి ఖాతాతో ఒక ఎక్సెల్ ఫైలు చేసి మూసేయండి. రెండో ఖాతాతో తెరిచి మార్చి సేవ్ చేయండి. మళ్లీ మొదటిదాంతో తెరిచి సేవ్ చేయండి, ఈ మూడో మెట్టును చాలామంది వదిలేస్తారు, తేడా ఉంటే బయటపడేది అక్కడే. ట్యాక్స్ ఖాతాతో తెరిచి సేవ్ కొట్టండి, కుదరదని చెప్పాలి. ఆ ఫైలును ఆడిట్ ఖాతాతో తీసేసి బుట్టలో పడిందో లేదో చూడండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ ఫైలు మీద, అది ఉన్న ఫోల్డర్ మీద ఎల్‌ఎస్ మైనస్ ఎల్ (అనుమతులు చూపే కమాండ్) ఏమి చూపిస్తోందో, టెస్ట్‌పార్మ్ ఏమి రాసిందో ఇక్కడ పెట్టండి, పేర్లు మార్చి పెట్టినా సరే. ఆదివారం మధ్యాహ్నం చూస్తాను.